ఆగమన్న చెయ్యి

ఆ రోజు మందుల కిటికీ దగ్గర కూర్చోవలసింది నేను కాదు. కాంపౌండరు కూతురి నిశ్చితార్థమని సెలవు పెట్టాడు. డాక్టరుగారు అటూ ఇటూ చూసి, ఎప్పటిలాగే ఎవరికీ చెందని పని నా నెత్తిన వేశారు. శింగనమల పక్కన ఉన్న ఆ చిన్న ఆసుపత్రికి నేను బదిలీ అయి వచ్చి అప్పటికి ఏడెనిమిదేళ్లయింది. ఎనభైలు ముగింపుకు వచ్చాయి. నా మోకాళ్లు కూడా ముగింపుకు వచ్చాయి.

కిటికీ అవతల చీటీలు పట్టుకున్న చేతులు తప్ప మనుషులు సరిగా కనిపించరు. చీటీ అందుకోవడం, మాత్రలు కాగితంలో పొట్లం కట్టడం, పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని చెప్పడం. మధ్యాహ్నానికి నా నోట్లో ఆ మాట తప్ప ఇంకో మాట మిగల్లేదు. అప్పుడు ఒక చీటీ వచ్చింది. ఆయాసం మాత్రలు. పేరేమిటని అడిగాను. జవాబు లేదు. ఉన్న విసుగంతా గొంతులోకి తెచ్చుకుని మళ్లీ అడిగాను. కిటికీలోంచి ఒక సన్నటి చెయ్యి లోపలికి వచ్చింది. అరచెయ్యి నా వైపు తిప్పి, వేళ్లు కాస్త ఎడంగా పెట్టి, గాల్లో అలాగే నిలబెట్టింది. ఆగు, ఊపిరి రానీ, వచ్చినాక చెప్తాను అని ఆ చెయ్యికి అర్థం.

నాకు ఆ చెయ్యి తెలుసు. వంగి చూస్తే కిటికీ అవతల పదమూడు పద్నాలుగేళ్ల పిల్ల, భుజాలు పైకెత్తి ఊపిరి లాగుతోంది. చెయ్యి మాత్రం ఆ పిల్లది కాదు. వాళ్లమ్మది.

వాళ్లమ్మ పేరు నేను రాయను. రిజిస్టరులో ఎన్నోసార్లు రాశాను, అది చాలు. ఊళ్లో ఆమెను ఎవరూ పేరుతో పిలిచేవాళ్లు కాదు. ఆయాసపామె అనేవాళ్లు. ముఖం మీదే అనేవాళ్లు, ఆమె పలికేది కూడా. మా వైపు మనుషులు కుంటివాణ్ని కుంటోడనే పిలుస్తారు, అందులో వాళ్లకు తప్పు కనిపించదు.

ముదిగుబ్బ దాటాక బస్సు దిగి రెండు మైళ్లు నడిస్తే ఆ ఊరు. డెబ్భైల మొదట్లో నన్ను అక్కడికి నర్సుగా వేశారు. ఒక గది, ఒక బెంచీ, ఒక రిజిస్టరు, తాళం పడని బీరువా. దాన్నే సబ్ సెంటరు అనేవాళ్లం. వాన పడితే వేరుశనగ, పడకపోతే గొర్రెలు. పడని సంవత్సరాలే ఎక్కువ. ఆమెది గొర్రెల మంద ఉన్న ఇల్లు. మొగుడు మందను తోలుకుని మేత ఉన్న దిక్కుకు పోతే నెలల తరబడి తిరిగి వచ్చేవాడు కాదు. ఇంట్లో ఆమె, ఆమె అత్త.

మాట్లాడటమంటే ఆమెకు బావిలోంచి నీళ్లు తోడటమంత పని. మూడు ముక్కలు చెప్పి ఆగేది. మళ్లీ మూడు ముక్కలు. ఆ మధ్యలో చెయ్యి లేచేది. ఎదుటివాళ్లకు ఓపిక ఉండేది కాదు. ఆమె మొదలుపెట్టిన మాటను వాళ్లే పూర్తి చేసేవాళ్లు. నేనూ అదే పని చేసేదాన్ని. ఆమె కోప్పడేది కాదు. మనం చెప్పింది పూర్తిగా వినేది, చెయ్యి ఎత్తేది, ఊపిరి కూడదీసుకుని తన మాట తాను మళ్లీ మొదటినుంచి చెప్పేది. అది మనం అనుకున్న మాట ఏ రోజూ అయ్యేది కాదు. ఒకసారి సెంటరుకు వచ్చి, మాత్రలు, అని ఆగింది. అయిపోయాయా అన్నాను. చెయ్యి లేచింది. పడటం లేదా అన్నాను. చెయ్యి అలాగే ఉంది. చివరికి తేలిందేమంటే, ఆ మాత్రలు ఇంత చేదుగా కాకుండా కొంచెం తియ్యగా చేయమని గవర్నమెంటుకు రాయమంటోంది. అంత దూరం నడిచి వచ్చింది అందుకే. నవ్వితే ఆయాసం పెరుగుతుంది కాబట్టి కళ్లతోనే నవ్వేది.

ఉబ్బసాన్ని ఆమె చుట్టం అనేది. చుట్టమొచ్చినాడు అంటే ఆ రోజు ఆమె పనికి రాదన్నమాట. ఇంటి ముందు గంప బోర్లించుకుని, దాని మీద రెండు మోచేతులు ఆనించి, ముందుకు వంగి కూర్చుని ఉంటే చుట్టం ఇంకా పోలేదని తెలిసేది. కాయలు వలిచే రోజుల్లో ఊరంతా ఎర్ర దుమ్ము. కూలికి పోక తప్పదు. ఆమె తడిగుడ్డ ఒకటి ముక్కూ నోరూ కలిపి కట్టుకుని అందరికీ ఎడంగా, గాలికి ఎదురు కూర్చుని వలిచేది. దొంగమాదిరి ఉండావని ఆడవాళ్లు నవ్వేవాళ్లు. గుడ్డలోంచి ఆమె ఏదో అనేది. ఆ మాట పూర్తయ్యేసరికి వాళ్లు ఇంకో కబురులోకి పోయి ఉండేవాళ్లు.

నేను ఆమెను మొదటిసారి చూసింది మాత్రం కాయల దగ్గర కాదు. ఆ ఊరికి వచ్చిన మొదటి నెల. ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకుంటూ వాళ్ల పెరట్లోకి పోయాను. కానుగ చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని, చిన్న ఇత్తడి చెంబులోంచి ఏదో తెల్లగా పోస్తోంది. నీళ్లు లేని ఊళ్లో చెట్టుకు మజ్జిగ పోస్తున్నారేమిటని అడుగు ముందుకు వేశాను. చెయ్యి లేచింది. ఏదో నోములో ఉంది, దగ్గరికి రావొద్దంటోంది అనుకుని ఆగిపోయాను. ఆమె ఛాతీలోంచి ఈల వినిపించాక గానీ నాకు సంగతి తెలియలేదు.

"పాలు," అంది. ఊపిరి తీసింది. "నావే."

చనుబాలు పిండి పారబోయాల్సి వస్తే మనిషి అడుగు పడని చోట పోయాలని ఆ ఊళ్లో పట్టింపు. బిడ్డ ఎక్కడని అడిగాను. గడ్డంతో లోపలికి చూపించింది. లోపల నెలన్నర బిడ్డను ఒళ్లో వేసుకుని, మేకపాలలో నీళ్లు కలిపి, బట్ట పీలిక ముంచి, అత్త పాలు పడుతోంది. మగబిడ్డ.

ఆ అత్తను దుర్మార్గురాలిగా రాయడం నాకు తేలికే, కానీ అది అబద్ధం అవుతుంది. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో గొర్రెల సంగతి ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. దగ్గే గొర్రె ఈనితే, ఆ పిల్లను ఆ పూటే దాని దగ్గర నుంచి తీసేసేది. పిల్ల చచ్చిపోయిన ఇంకో గొర్రెను చూసి, ఆ చచ్చిన పిల్ల తోలును ఈ పిల్ల మీద కప్పి, దాని కిందికి విడిచేది. వాసన చూసి ఆ గొర్రె తన పిల్లే అనుకుని పాలిచ్చేది. దగ్గు మందలో పాకకుండా ఎన్నో ఏళ్లు అలా కాపాడింది. మగవాళ్లు కూడా ఆమెను అడిగి చేసేవాళ్లు. మందలో ఎన్నడూ తప్పని పద్ధతి ఇంట్లో ఎందుకు తప్పుతుంది? కోడలు పగలంతా రొప్పుతూ ఉండటం చూసింది. ఆ రొప్పు పాలలోంచి మనవడికి పోతుందని అనుకుంది. బిడ్డను తీసేసింది. ఇంకో తల్లి దొరకలేదు, మేక దొరికింది.

నేనేం చేశాను? పాలు కాచమన్నాను, నీళ్లు కాచమన్నాను, బట్ట పీలిక ఉడకబెట్టమన్నాను. రాసుకున్నాను, వచ్చేశాను. ఆ నెల కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కేసులు తేలేదని పైనుంచి చీవాట్లు పడుతున్నాయి. తల్లిపాల గురించి కూర్చుని గంటసేపు వాదించే తీరిక నాకు లేదనుకున్నాను. తీరిక అనేది ఎవరో ఇచ్చేదని అప్పట్లో నా నమ్మకం.

ఎండలు ముదిరాక ఆ బిడ్డకు వాంతులూ భేదులూ పట్టుకున్నాయి. నాకు కబురు వచ్చేసరికి మూడో రోజు. పరుగెత్తాను, లాభం లేదు. కాయలు పీకేసిన నేలలా ఎండిపోయి ఉన్నాడు వాడు. రిజిస్టరులో రాసుకుని తిరిగి వచ్చాను. బిడ్డ పోయినా పాలు పోవు కదా. ఇంకో పది పదిహేను రోజులు ఆమె ఆ చెంబు పట్టుకుని కానుగ చెట్టు దగ్గర కనిపిస్తూనే ఉంది. నేను పక్క సందులోంచి పోవడం మొదలుపెట్టాను.

రెండేళ్ల తర్వాత మళ్లీ నెల తప్పింది. ఈసారి నెలనెలా నేనే వాళ్లింటికి పోయేదాన్ని. ఆమె అడిగేది ఒక్కటే. పుట్టబోయేది ఆడా మగా అని కాదు, నొప్పులు ఎట్లా ఉంటాయని కాదు. ఈ బిడ్డకైనా పాలు ఇయ్యనిస్తారా అని. మూడు ముక్కలుగా అడిగేది. అత్త వినేంత దూరంలో ఉంటే అడిగేది కాదు.

ఒక రోజు పెద్దాసుపత్రిలో మీటింగు అయ్యాక డాక్టరుగారిని పట్టుకున్నాను. ఉబ్బసం ఉన్న తల్లి పాలిస్తే బిడ్డకు వస్తుందా సార్ అన్నాను. ఆయన మంచివాడు, తెలియనిది తెలియదనే రకం. తల్లికి ఉంటే బిడ్డకు రావచ్చు, రాకపోవచ్చు, వంశంలో ఉంటుంది అన్నారు. పాల వల్ల వస్తుందని గానీ పాల వల్ల రాకుండా పోతుందని గానీ తాను గట్టిగా చెప్పలేనన్నారు. పాలు మాత్రం తప్పకుండా ఇప్పించు, మేకపాలూ నీళ్లూ అయితే మీ ఊరి ఎండలకు బిడ్డ నిలవదు అన్నారు.

అంత పొడుగు మాటను బస్సులో మోసుకొచ్చాను. బస్సు దిగి రెండు మైళ్లు నడిచాను. దారిలో ఆలోచించాను. రావచ్చు అనే మాట ఆ ఇంటి గడప దాటితే చాలు, అత్త మేకను కట్టేస్తుంది. ఊరు చేరేసరికి నా దగ్గర మిగిలింది ఒక్క ముక్క, పాలు ఇప్పించు అని.

ఆ కాన్పు నేనే చేశాను. తెల్లవారి చాలాసేపయింది. ఆడపిల్ల. మొదటి అరుపు గట్టిగానే అరిచింది. బొడ్డు కోసి, తుడిచి, అత్త చేతిలో పెట్టాను. గుమ్మం బయట మేక కట్టేసి ఉంది. పక్కన గిన్నె కడిగి బోర్లించి ఉంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లిద్దరు వాకిట్లో నిలబడ్డారు. చాప మీద ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. చెయ్యి లేచింది. ఎప్పుడూ ఆ చెయ్యిని పట్టించుకోని వాళ్లు కూడా ఆ రోజు ఆగారు.

"నర్సమ్మా," అంది. "నా పాలల్లో... ఆయాసం ఉండాదా?"

మామూలుగా ఆమె మాట పక్కవాళ్లకే సరిగా వినిపించదు. ఆ మాట వాకిలి దాకా వినిపించింది. ఉన్న ఊపిరంతా దానికే ఖర్చు పెట్టినట్టుంది, అడిగాక కాసేపు కళ్లు మూసుకుంది. అడిగింది నన్నే, అడిగేటప్పుడు ఆమె చూపు మాత్రం నా మీద లేదు. అత్త మీద ఉంది. అప్పుడది నాకు తట్టలేదు. చూశాను, అంతే.

"లేదు," అన్నాను.

అత్త నన్ను కింది నుంచి పైదాకా చూసింది. బిడ్డను ఎడమ చేతిలోకి మార్చుకుని కుడి చెయ్యి చాపింది.

"చేతిలో చెయ్యేసి చెప్పు. ఈ పాపకు ఆయాసం రాదని చెప్పు."

మా వైపు చేతిలో చెయ్యి వేశామంటే ఇక ఆ మాటకు వెనక్కి తగ్గడం ఉండదు. పొలం పంచుకున్నా, పిల్లనిచ్చుకున్నా కాగితాల కన్నా అదే గట్టి. ఆమె అరచెయ్యి గరుగ్గా ఉంది, గొర్రె బొచ్చు వాసన వేస్తోంది. కానుగ చెట్టు గుర్తుకు వచ్చింది. పక్క సందులోంచి పోవడం గుర్తుకు వచ్చింది. నా చెయ్యి ఆమె చేతిలో వేశాను. రాదు, పూచీ నాది అన్నాను.

అత్త బిడ్డను కోడలి ఒళ్లో పెట్టింది. పాప కాసేపు వెతుక్కుని నోరు పెట్టింది. ఆ తల్లి ముఖం ఎట్లా ఉందో నేను చెప్పలేను, ఎందుకంటే చూడలేకపోయాను. నాకూ అప్పటికి పెళ్లయి ఆరేళ్లు, పిల్లలు లేరు. ఆ సంగతి ఇక్కడ అనవసరం. అత్త బయటికి పోయి మేకను విప్పేసింది.

పాలు ఇవ్వడంలోనూ ఆమె పద్ధతి ఆమెదే. చుట్టం ఉన్నంతసేపు బిడ్డను రొమ్ముకు తీసుకునేది కాదు. పాప గుక్కపట్టి ఏడుస్తుంటే, పాపకు కూడా ఆ చెయ్యే చూపించేది. ఆగు. పాప ఆగుతుందా? ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది. ఆమె గంప మీద మోచేతులు ఆనించి, తన ఛాతీలో ఈల ఆగిందా లేదా అని తానే తల వంచి విని, ఆగాక రెండు చుక్కలు పిండి పడేసి, అప్పుడు పట్టేది. అట్లా అక్కర్లేదమ్మా, ఆయాసం వచ్చినప్పుడు కూడా ఇవ్వొచ్చు అని నేను పదిసార్లు చెప్పాను. పదకొండోసారి చెప్పినప్పుడు చెయ్యెత్తింది. "నీ మాట నీది. నా భయం నాది," అంది. అంత నిక్కచ్చిగా మాట్లాడే మనిషి నాకు ఆ ఊళ్లో ఇంకొకరు తగల్లేదు.

ఆ ఎండాకాలం దాటింది. తర్వాతి ఎండాకాలం కూడా దాటింది. పాప నడిచింది. మేకపిల్లల వెంట పరుగెత్తింది. అత్త ఊరంతా తిరిగి, నర్సమ్మ చేతిలో చెయ్యేసి చెప్పింది, చెప్పినట్టే అయింది అని నా పేరు చాటింది. ఇంకో రెండు ఇళ్లలో కాన్పులకు ఆమే నన్ను పిలిపించింది. పొగిడితే ఎవరికి చేదు? నేను కూడా మెల్లమెల్లగా నాకు తెలిసే చెప్పాననుకోవడం మొదలుపెట్టాను.

నాలుగో ఏడు నడుస్తోంది. కాయలు పీకి కళ్లాల్లో ఆడిస్తున్న రోజులు. ఒక పొద్దున సెంటరు తలుపు తీస్తుంటే వెనక నుంచి ఈల వినిపించింది. రోజూ వినే ఈలే కదా అని వెనక్కి తిరగకుండానే, చుట్టం మళ్లీ వచ్చాడా అన్నాను. తిరిగి చూశాను. ఆమె నిలబడి ఉంది, ఊపిరి మామూలుగానే ఆడుతోంది. ఈల ఆమె భుజం మీద ఉన్న పాపది.

వినడానికి గొట్టం అక్కర్లేదు. అయినా గొట్టం తీసి చెవులకు పెట్టుకున్నాను. ముఖం దాచుకోవడానికి అదొక్కటే దొరికింది. మాత్ర సగం చేసి, పొడి చేసి, తేనెలో కలిపి ఇమ్మన్నాను. కళ్లం వైపు పోనివ్వొద్దన్నాను. నేలకు చెప్పినట్టు చెప్పాను. ఆమె ఏదో అనడానికి చెయ్యెత్తింది. నేను ఆగలేదు. బీరువాలో ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయాను. నా ఉద్యోగంలో చేసిన తప్పులు చాలానే ఉన్నాయి. ఆ చెయ్యి లేచి ఉండగా లోపలికి పోవడం అన్నిటికన్నా సిగ్గుపడే తప్పు.

రెండు రోజులకు బావి దగ్గర అత్త ఎదురైంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును.

"చేతిలో చెయ్యేసినావు గదమ్మా," అంది. బిందె ఎత్తుకుని పోయింది.

ఆ తర్వాత ఏడాదిన్నర నేను వాళ్ల వీధికి పోవడం తగ్గించేశాను. మాత్రలు ఎవరి చేతో పంపేదాన్ని. ఊరు చిన్నది, ఎంత తప్పించుకున్నా కనిపిస్తారు. గోడ నీడన రెండు గంపలు బోర్లించి ఉండేవి. పెద్ద గంప మీద తల్లి, చిన్న గంప మీద పాప. ఇద్దరి మోచేతులూ ఒకే తీరుగా ఆనించి ఉండేవి. ఇద్దరి చుట్టాలూ ఒకేసారి వచ్చిన రోజున ఆ ఇంటి ముందు ఒక్క మాట వినిపించేది కాదు, చేతులు మాత్రం లేచి దిగుతుండేవి. అది చూసి రోడ్డు మారడం తప్ప నాకేం చేతనవును? పాలు ఇప్పించడం తప్పా? ఇప్పించకపోతే రాకుండా పోయేదా? డాక్టరుగారినే మళ్లీ అడిగాను. నేను అప్పుడే చెప్పాను కదమ్మా, తెలియదని అన్నారు. ఆయన నిజంగానే అప్పుడే చెప్పారు.

శింగనమలకు బదిలీ కాగితం వచ్చింది. పెట్టె కట్టుకున్నాను. ఎవరికీ చెప్పకుండా పోదామనుకున్నాను గానీ, పెట్టె మోయడానికి ఎద్దులబండి మాట్లాడితే ఊరంతటికీ తెలిసిపోతుంది. బస్సు ఆగే చోట చింతచెట్టు కింద కూర్చుని ఉంటే ఆమె వచ్చింది. రెండు మైళ్లు నడిచి వచ్చింది. ఆ ఛాతీతో రెండు మైళ్లంటే ఎన్నిసార్లు కూర్చుని లేచి ఉంటుందో. కొంగుముడిలో ఉడకబెట్టిన శనక్కాయలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. నా ఒళ్లో పోసింది.

నేను ఉండబట్టలేకపోయాను. దాచుకున్నదంతా కక్కేశాను. నాకు ఆ రోజు తెలియదు, తెలిసినట్టు చెప్పాను, నీ బిడ్డ మీద ఒట్టు వేసినంత పని చేశాను, నన్ను ఏమన్నా అను అన్నాను. ఏడ్చాను కూడా. చెయ్యి లేచింది. ఈసారి ఆగాను. అంతలో బస్సు వచ్చింది. కండక్టరు పెట్టె పైకి ఎక్కించి, రావమ్మా, పోవల్ల అని తొందర చేశాడు. ఆమె అదే చెయ్యిని బస్సు వైపు తిప్పింది. ఆశ్చర్యం, డ్రైవరు ఇంజను ఆపేశాడు. ప్రయాణికులంతా చూస్తుండగా ఆ బస్సు, నేను, ఆమె ఊపిరి కోసం ఎదురుచూశాం.

"ఆయాసం రావల్లన్నా," అంది. "పాణం ఉండల్ల... గదమ్మా."

అంతే. ఎక్కు అన్నట్టు చెయ్యి ఊపింది. బస్సు కదిలాక కాయలు ఒలుచుకోలేకపోయాను. నన్ను క్షమించింది అనుకున్నాను. ఆ అనుకోవడమే ఇన్నేళ్లూ బరువైపోయింది. క్షమించింది అంటే నేను మోసం చేశాననే కదా. ఆమె పెద్ద మనసుతో వదిలేసింది, అంతే కదా. ఆ తర్వాత ఏ కాన్పులోనూ నేను పూచీ అనే మాట వాడలేదు. పాలు ఇవ్వమని చెప్పేదాన్ని, తెలిసింది తెలుసని, తెలియనిది తెలియదని చెప్పేదాన్ని. కొందరు వినేవాళ్లు, కొందరు వినేవాళ్లు కాదు.

ఇప్పుడు కిటికీలో ఆ చెయ్యి.

ఊపిరి అందాక పిల్ల పేరు చెప్పింది. దాని చెవిలో మొదటిసారి చెప్పినప్పుడు నేనూ పక్కనుండి విన్న పేరే. ఇక్కడ మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటోందట. అమ్మ ఎట్లా ఉందని అడిగాను. అడగకముందే ఎందుకో తెలిసిపోయింది. పోయిన చలికాలంలో, చుట్టం వచ్చి ఇక లేచి పోలేదని చెప్పింది. చుట్టం అనే అంది. అవ్వ ఉందా అన్నాను. ఉండాదంట, కళ్లు కనపడవంట, ఇంకా మందను చేత్తో తడిమి ఏ గొర్రె దగ్గుతాందో చెప్తాదంట.

మీ ఊళ్లో పనిచేసిన నర్సునమ్మా నేను అన్నాను. పిల్ల కిటికీ ఊచల దగ్గరికి వంగి నా ముఖంలోకి చూసింది.

"చేతిలో చెయ్యేసిన నర్సమ్మవా?"

ఆ ఇంట్లో నాకు మిగిలిన పేరు అదన్నమాట. అవునన్నాను. తెలియకుండా చెప్పానమ్మా, మీ అమ్మతో కూడా అన్నాను ఆ మాట, అని ఇంకా ఏదో చెప్పబోయాను. చెయ్యి లేచింది. వెనక లైను పొడుగ్గా ఉంది. ఏమమ్మా, ఆ పిల్లతో ఎంతసేపు, మాకు బస్సు పోతాది అని ఎవరో గునిశారు. మరో చీటీ ఆ పిల్ల భుజం మీదుగా లోపలికి వచ్చింది. నేను ఆ చీటీని వెనక్కి తోశాను.

"ఆగండప్పా," అన్నాను. "ఆ పిల్ల మాట కానీండి."

లైను ఆగింది. పిల్ల ఛాతీలో ఈల నాకు తెలిసిన ఈలే, ఎక్కడ తగ్గుతుందో, ఎక్కడ మాటకు చోటిస్తుందో కూడా తెలుసు.

"మాయమ్మ చెప్పేది," అంది. "నర్సమ్మకు తెల్దని... నాకు అప్పుడే తెలుసు. మా యత్తకు తెల్దు గదా... అనేది. అందుకే మా యత్త ముందరే... అడిగినానని చెప్పేది."

పొట్లం కట్టి ఇచ్చాను. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని చెప్పాలి. నోరు తెరిచాను. చెయ్యెత్తాను. ఆ పిల్ల ఆగింది.